పదవి విడిచిన మంత్రి: లాల్ బహదూర్ శాస్త్రిగారి జీవితము

మన గ్రంథాలయ పఠనమందిరమున తూర్పుగోడమీద మూడు పటములు వ్రేలాడుచున్నవి. అందు గాంధీ మహాత్ముని పటమును, సురవరం ప్రతాపరెడ్డిగారి పటమును పాఠకులందరు ఎరుగుదురు. మూడవ పటములోని వారు పొట్టి మనిషి. తలమీద తెల్లని టోపీ, ఒంటిమీద ఖద్దరు కోటు, మొగమున చిన్న చిరునవ్వు. ఆయన యెవరని బడిపిల్లలు అడుగుచుందురు. లాల్ బహదూర్ శాస్త్రిగారని చెప్పగానే, పాకిస్తానుతో యుద్ధము జరిగిననాటి ప్రధాని గదా యని కొందరు, జై జవాన్ జై కిసాన్ అను నినాదము నిచ్చినవారు గదా యని కొందరు అందురు. ఆ రెండును నిజమే. కాని మన పాలమూరు సీమవారు ఆయనను తలచుకొనుటకు మరియొక కారణము కలదు. అది 1956వ సంవత్సరమునాటి మాట. శాస్త్రిగారు మంత్రిపదవిని విడిచిన విధమును, అది చూచి ప్రజలు అనుకొన్న తీరును ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచితిని. రజతోత్సవ సంచికలో ఇట్టి విషయమేల యని పెద్దలు అడుగవచ్చును. ఈ 25 ఏండ్లలో మన పఠనమందిరమున పత్రిక ముందు పెట్టుకొని జరిగిన వాదములలో సగము, ఫలానా మంత్రి దిగిపోవలెనా వలదా యని జరిగినవే గదా!

శాస్త్రిగారు 1904వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కాశీకి సమీపమున మొగల్ సరాయిలో మాతామహుల యింట జన్మించిరి. ఆ ఊరు రైళ్ళ ఊరు. కలకత్తానుండి పడమటికి పోవు మార్గములు అచ్చట కలిసి మరల విడిపోవును. 2018లో ఆ స్టేషనుకు పేరు మారినది గాని, పాతవారు నేటికిని దానిని మొగల్ సరాయి యనియే అందురు. ఇంజను కూతలు వినుచు పెరిగిన పిల్లవాడు రైల్వే మంత్రి యగుట, ఆ రైళ్ళ కారణముగనే పదవిని వదలుట విధి చేసిన చమత్కారమనవలెను.

తండ్రి శారదాప్రసాదుగారు మొదట బడిపంతులు, తరువాత అలహాబాదు రెవెన్యూ కచేరీలో గుమాస్తా. బిడ్డకు రెండేండ్లైనను నిండకమునుపే ఆయన మరణించిరి. తల్లి రామదులారీదేవి బిడ్డలతో పుట్టింట చేరిరి. మేనమామల యింటి కూడు తిని పెరిగిన పిల్లలకు ఒదిగియుండుట తనంతట తానే అలవడును. శాస్త్రిగారి స్వభావములోని ఆ ఒదుగు కడవరకు పోలేదు. పైచదువులకు కాశీ చేరి హరిశ్చంద్ర పాఠశాలలో చదివిరి. కులమును తెలుపు ఇంటిపేరును చిన్ననాడే వదలుకొనిరి. 1921లో మహాత్ముని పిలుపు విని బడి మానిరి. పోలీసులు పట్టుకొని, పిల్లవాడని విడిచిపెట్టిరి. పిమ్మట కాశీ విద్యాపీఠమున చదివి 1925లో శాస్త్రి పట్టమును పొందిరి. మనలో చాలమంది శాస్త్రి యనగా కులమును తెలుపు పేరనుకొందురు. అది చదువువలన వచ్చిన బిరుదు మాత్రమే.

అటుపిమ్మట లాలా లజపతిరాయిగారు స్థాపించిన లోకసేవక మండలిలో చేరి ముజఫరుపురమున హరిజనసేవ చేసిరి. 1928లో మీర్జాపురమునకు చెందిన లలితాదేవిగారిని వివాహమాడిరి. కట్నముగా ఆయన పుచ్చుకొన్నది ఒక రాట్నమును, కొన్ని గజముల ఖద్దరును. స్వాతంత్ర్య సమరమున పలుమారులు చెరసాలకు పోయిరి. అన్నియు కలిపి ఏడేండ్లకు తక్కువగాదు. ఆయన జైలులో నున్నప్పటి కథ యొకటి చెప్పుదురు. మండలివారు ఇంటిఖర్చుకు నెలకు 50 రూపాయలు పంపుచుండిరట. చాలుచున్నదా యని భార్యకు జాబు వ్రాయగా, 40 రూపాయలతో గడచుచున్నది, 10 మిగులుచున్నవి యని ఆమె సంతోషముతో బదులు వ్రాసెనట. వెంటనే శాస్త్రిగారు మండలికి జాబు వ్రాసి, తమ యింటికి 40 చాలును, మిగిలిన 10 ఇంకొకరికి ఇండని కోరిరట. లలితాదేవిగారు ఆ జాబు సంగతి విని ఏమనుకొనిరో కథ చెప్పువారు ఎవరును చెప్పరు. మన ఇండ్లలో ఆడవారిని అడిగిన తెలియును.

స్వరాజ్యము వచ్చిన పిదప గోవిందవల్లభ పంతుగారి మంత్రివర్గమున సంయుక్త పరగణాలకు రవాణా, పోలీసు శాఖల మంత్రిగా నుండిరి. బస్సులలో స్త్రీలను కండక్టర్లుగా నియమించినది అప్పుడే. గుంపులను చెదరగొట్టుటకు లాఠీలకు బదులు నీటిధారలు వాడుడని పోలీసులకు చెప్పినది కూడ ఆయనయే. 1951లో నెహ్రూగారు ఆయనను ఢిల్లీకి పిలిపించి కాంగ్రెసు ప్రధాన కార్యదర్శిని చేసిరి. 1952 మే 13వ తేదీన శాస్త్రిగారు కేంద్రమున రైల్వే, రవాణా మంత్రి యైరి.

ఆయన దృష్టి యెల్లప్పుడు మూడవ తరగతి ప్రయాణికులమీద నుండెను. ఆనాటి మూడవ తరగతి పెట్టె యెట్లుండెనో నేటివారికి తెలియదు. చెక్కబల్లలు, ఇరుకు, వేసవిలో ఉడుకు. వారి పెట్టెలలో విద్యుత్తు పంఖాలు పెట్టించు పనికి ఆయన పూనుకొనిరి. 1955లో పాత మొదటి తరగతిని ఎత్తివేసిరి. వాల్తేరు వంటి మన ఊళ్ళు చేరిన ఆగ్నేయ రైల్వే ఏర్పడినది ఆ సంవత్సరము ఆగస్టులోనే. మదరాసు పెరంబూరులో పెట్టెలు చేయు కర్మాగారము పని మొదలిడినది అదే సంవత్సరము అక్టోబరు 2వ తేదీన. ఇట్లు పనులు సాగుచుండగా 1956 వచ్చెను.

ఆ సంవత్సరము దేశము కుదురుగా లేదు. భాషారాష్ట్రముల పునర్విభజనతో పలుచోట్ల అలజడులు రేగియుండెను. సాధారణ ఎన్నికలు కొన్ని నెలల దూరములో నుండెను. మన జిల్లా అప్పటికింకను హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆంధ్రప్రదేశము అవతరించుటకు రెండు నెలలు మిగిలియుండెను. సెప్టెంబరు 2వ తేదీన జడ్చర్ల, మహబూబ్‌నగరముల నడుమ వాగు వరదకు రైలు వంతెన కూలి, బండి నీళ్ళలో పడెను. 100 మందికి పైగా చనిపోయిరి. ఆ వార్తను విన్న శాస్త్రిగారు పదవికి రాజీనామా వ్రాసి ప్రధానమంత్రికి అందజేసిరి. నెహ్రూగారు వలదని నచ్చజెప్పి దానిని మరలించిరి.

ఈ మొదటి రాజీనామాను చాలమంది మరచిపోయిరి. పుస్తకములలో సైతము దీనికి ఒక్క వాక్యమే దక్కును. మనకు మాత్రము ఇదియే మొదటి మాట, ఏలయన ఆ వాగు మన వాగు.

వంతెన కూలుట యనగా ఏమో కొంచెము చెప్పవలెను. రైలుకట్ట వాగుకు అడ్డముగా పోవుచుండును. దానిక్రింద నీరు పోవుటకు విడిచిన కన్నులు మామూలు వానకు చాలును. పైన చెరువులు తెగిన, ఒక్క రాత్రిలో కుంభవృష్టి కురిసిన, నీరు కట్టకు ఒకవైపున గోడవలె నిలుచును. పిమ్మట పునాదుల క్రింద మన్ను కోసికొని పోవును. పట్టాలు గాలిలో తాళ్ళవలె వ్రేలాడుచుండును. చీకటిలో డ్రైవరుకు పట్టాలు కనబడును గాని వానిక్రింద నేల లేదని కనబడదు. దీనిని కనిపెట్టుటకే వానకాలపు గస్తీ కలదు. గ్యాంగుమన్లు లాంతరు, ఎర్రజెండా, పట్టాలమీద పెట్టు టపాకాయలు తీసికొని రాత్రియంతయు కట్టవెంబడి నడుతురు. ఇటునుండి పోవువాడు, అటునుండి వచ్చువాడు నడుమ కలిసికొని గస్తీపుస్తకములు మార్చుకొందురు. వంతెనస్తంభముమీద అపాయపు గుర్తు వ్రాసియుండును. నీరు ఆ గుర్తు నంటిన బండిని ఆపవలెను.

నాకిది తెలియుటకు కారణము, మా నాయనగారు వేరొక మార్గమున గ్యాంగుమనుగా 30 ఏండ్లు పనిచేసినవారు. బండి పడినదన్న వార్త వచ్చినప్పుడెల్ల ఆయన చచ్చినవారి లెక్క అడుగుటకు ముందే, ఆ రాత్రి గస్తీలో నున్నవాడెవడని అడిగెడివారు. చిన్నతనమున నాకది కఠినముగా తోచెడిది. తరువాత తెలిసినది: కట్టమీద జరిగిన ప్రతి కీడుకును మొదట చిక్కువాడు గస్తీవాడే. వాడు నడచెనా నిద్రించెనా యని విచారణ జరుగును. పై అధికారికి సంజాయిషీ కాగితము. వానికి ఉద్యోగము పోవుట. పని పోయిన గ్యాంగుమను ఇంట ఆ సాయంత్రమే పొయ్యి వెలుగదు.

అట్టి నాయనగారికి 1956 నవంబరులో వచ్చిన వార్త ఏమనిపించెనో చూడుడు.

నవంబరు 23వ తేదీ తెల్లవారుజామున మదరాసునుండి తూత్తుకుడికి పోవు ఎక్స్‌ప్రెస్ బండి తమిళదేశమున అరియలూరు సమీపమున మరుదైయారు నదివద్ద వరదలో పడెను. అచ్చటను అదే కథ: వాన, వరద, కోసికొనిపోయిన మార్గము, చీకటి. 140 మందికి పైగా చనిపోయిరి. పాలమూరు ప్రమాదము జరిగి అప్పటికి 82 దినములే. శాస్త్రిగారు మరల రాజీనామా వ్రాసిరి. ఈమారు ఎవరు చెప్పినను వినలేదు. కొందరు పార్లమెంటు సభ్యులు దానిని అంగీకరింపవలదని నెహ్రూగారిని కోరిరి. నెహ్రూగారు సభలో శాస్త్రిగారిని మిక్కిలి మెచ్చుకొని, ప్రమాదమునకు ఆయన బాధ్యులని కాదు గాని, రాజ్యాంగ మర్యాదకు ఒక ఉదాహరణముగా ఉండుటకు రాజీనామాను అంగీకరించుచున్నానని తెలిపిరి. డిసెంబరు 7వ తేదీన జగజీవనరాముగారు రైల్వే శాఖను స్వీకరించిరి.

దేశమున దీనినిగూర్చి రెండు విధములుగా మాటలాడిరి. ఎక్కువమంది మెచ్చుకొనిరి. పదవికొరకు పాకులాడువారిని చూచి చూచి విసిగిన కండ్లకు ఈ చర్య చల్లగా తోచినది. రెండవ పక్షమువారిని మనము తేలికగా కొట్టివేయరాదు. వంతెన కట్టినది మంత్రి కాదు, కూల్చినది మంత్రి కాదు. ఆయన పోయినంతమాత్రమున చచ్చినవారు లేచి వత్తురా? సమర్థుడైన మంత్రి పోయి, కొత్త మంత్రి వచ్చి శాఖ నేర్చుకొనులోపల మరియొక వానకాలము వచ్చునే! ఇట్టి పనికి ఉండి వంతెనలు బాగుచేయుట మేలా, దిగిపోయి పేరు తెచ్చుకొనుట మేలా? ఈ ప్రశ్నలు నాడు ఎంత బలమైనవో నేడును అంతే. నామట్టుకు నాకు ఈ రెండవ పక్షమువారి మాటలో సగము పాలు న్యాయము కనబడును. పాలమూరి ప్రమాదము పిమ్మట రాజీనామాను మరలించిన ప్రధాని, ఆ 82 దినములలో దక్షిణదేశపు వంతెనలన్నిటిని ఎవరైన చూచిరా యని అడిగియుండిన ఎంత బాగుండెడిది!

తమిళదేశమున కోపము అంతటితో చల్లారలేదు. రైల్వే ఉపమంత్రి ఓ. వి. అళగేశన్ గారు ఆ నాటివారే. ఆయన పేరునకు అరియలూరు పేరు ప్రాసగా కుదురుటచే, ఎదుటిపక్షమువారు ఎన్నికల సభలలో ఎగతాళి నినాదము కట్టిరి. 1957 ఎన్నికలలో ఆయన చెంగల్పట్టులో ఓడిపోయిరి. అదే ఎన్నికలలో శాస్త్రిగారు అలహాబాదునుండి గెలిచి మరల మంత్రి యైరి. ఒకే ప్రమాదమునకు జనులు ఒకరిని నెత్తికెత్తుకొనిరి, ఒకరిని ఎగతాళి చేసిరి. ప్రజల తీర్పు ఎల్లప్పుడు తూచి యిచ్చినది కాదు. చేతికి అందినవానిపై పడును.

ఇక గ్యాంగుమన్ల మాట. నాడు రైల్వేలో సుమారు 10 లక్షలమంది పనివారుండిరి. పదవిని వదలినవాని గొప్పతనమునుగూర్చి మా నాయనగారు ఎన్నడును ఎక్కువగా మాటలాడలేదు. మంత్రికి పదవి పోయినను తిండికి లోటుండదనియే ఆయన తలంపు. (శాస్త్రిగారి యింటి సంగతి ఆయనకు తెలియదు. అది తరువాత చెప్పెదను.) ఆయన చెప్పినది వేరు. తప్పు పైనుండి క్రిందికి దిగుటయే తాము చూచినదట. మంత్రి కలెక్టరుమీద, కలెక్టరు తహసీలుదారుమీద, తహసీలుదారు కావలికానిమీద త్రోయుటయే లోకరీతి. ఈ ఒక్కమారు తప్పు క్రిందినుండి పైకి పోయి, అందరికంటె పైనున్నవాడు దానిని తన తలమీద పెట్టుకొనెను. ఆ వారము గస్తీకి పోవునపుడు చేతిలోని లాంతరు తేలికగా నుండెనని ఆయన ముసలితనమున చెప్పెడివారు. ప్రజాభిప్రాయమనగా పత్రికలలో అచ్చైనది మాత్రమే కాదు గనుక దీనిని ఇచ్చట వ్రాసితిని.

తెలుగువారికి పదవి విడుచుట కొత్తగాదు. 1954 ఆగస్టులో వరాహగిరి వేంకటగిరిగారు బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయమున ప్రభుత్వముతో విభేదించి కేంద్ర కార్మికమంత్రి పదవిని వదలిరి. అదే సంవత్సరము నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము కర్నూలు శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. మొదటిది తాను విడిచినది, రెండవది ఇతరులు లాగికొన్నది. 1964 ఫిబ్రవరిలో నీలం సంజీవరెడ్డిగారు, కర్నూలు బస్సు మార్గముల జాతీయీకరణ వ్యాజ్యములో సుప్రీముకోర్టు చేసిన వ్యాఖ్యల కారణముగా ముఖ్యమంత్రి పదవికి రాజీనామా ఇచ్చిరి. నాలుగు నెలలు తిరుగకమునుపే శాస్త్రిగారు ఆయనను తమ కేంద్ర మంత్రివర్గమునకు తీసికొనిరి. ఒకమారు తాను నడచిన త్రోవలో నడచినవానిని ఆయన గుర్తించిరేమో!

శాస్త్రిగారు 1957 పిమ్మట రవాణా, వాణిజ్య శాఖలను చూచి, 1961లో పంతుగారి అనంతరము హోముమంత్రి యైరి. 1963 ఆగస్టులో రెండవసారి పదవి వదలిరి. ఇది కామరాజు నాడారుగారి పథకము: పెద్దలు పదవులు విడిచి పార్టీ పనికి పోవలెనని. ఆరుగురు కేంద్రమంత్రులు, ఆరుగురు ముఖ్యమంత్రులు దిగిరి. కేంద్రమున దిగినవారిలో మన బెజవాడ గోపాలరెడ్డిగారు కూడ ఉండిరి. కాని ఈమారు జనులు 1956లో వలె కదలలేదు. ఇది త్యాగమా, గిట్టనివారిని తొలగించు ఎత్తా యని గుసగుసలాడిరి. పదిమంది కలిసి, పైవారు చెప్పగా చేసిన త్యాగమునకు ఆ మాత్రము అనుమానము తప్పదు.

అయినను శాస్త్రిగారి యింట ఆ త్యాగము వంటింటివరకు వచ్చినది. ఆయనవద్ద పనిచేసిన పత్రికారచయిత కులదీప్ నయ్యరుగారు ఆ దినములనుగూర్చి వ్రాసియున్నారు. జీతము పోగానే ఇంట కూరలు తగ్గించిరట. అక్కరలేని దీపములు ఆర్పివేసిరట. పత్రికలకు వ్యాసములు వ్రాసి నాలుగు రూపాయలు సంపాదించుకొను ఏర్పాటు చేసికొనవలసి వచ్చినదట. అంతకుముందు రెండేండ్లు కేంద్ర హోముశాఖ యంతయు ఆయన చేతిక్రింద నుండినది. మా నాయనగారు ఈ సంగతి తెలిసికొనియుండిన, మంత్రుల తిండినిగూర్చిన తమ తలంపును కొంత మార్చుకొనియుండెడివారు.

ఆ అక్టోబరులో కామరాజుగారు, సంజీవరెడ్డిగారు, నిజలింగప్పగారు, అతుల్యఘోషుగారు తిరుపతిలో కలిసికొనిరి. నెహ్రూగారి తరువాత శాస్త్రిగారే తగినవారని అచ్చటనే ఆలోచించిరని చరిత్రకారులు వ్రాయుదురు. 1964 జనవరిలో భువనేశ్వరమున నెహ్రూగారికి జబ్బుచేయగా శాస్త్రిగారిని మరల మంత్రిగా పిలిచిరి. మే 27వ తేదీన నెహ్రూగారు మరణించిరి. జూను 9వ తేదీన శాస్త్రిగారు ప్రధానమంత్రిగా ప్రమాణము చేసిరి.

ప్రధానిగా ఆయన ఉండినది 19 నెలలే. అందులో ఒక ఘట్టము మన విషయమునకు దగ్గరిది. 1965 జనవరి 26 నుండి హిందీ అధికారభాష కావలసియుండగా మదరాసు రాష్ట్రము భగ్గుమన్నది. విద్యార్థులు వీధులకెక్కిరి. కొందరు ఒంటికి నిప్పంటించుకొనిరి. పోలీసు కాల్పులలో పలువురు మరణించిరి. ఫిబ్రవరి 11వ తేదీన ఇద్దరు తమిళ మంత్రులు, సి. సుబ్రహ్మణ్యముగారును, నాటి అళగేశన్ గారును, శాస్త్రిగారి మంత్రివర్గమునకు రాజీనామా ఇచ్చిరి. తొమ్మిదేండ్లు తిరిగి కాగితము ఇచ్చు చేయి మారినది. పుచ్చుకొను చేయి శాస్త్రిగారిదైనది. ఆయన ఆ రాత్రి రేడియోలో మాటలాడి, హిందీయేతర రాష్ట్రములకు నెహ్రూగారిచ్చిన మాట చెక్కుచెదరదని, వారు కోరినంతకాలము ఇంగ్లీషు ఉండునని దేశమునకు చెప్పిరి. అలజడి తగ్గెను. రాజీనామాలు తిరిగి తీసికొనబడెను. పదవిని వదలుటయందు రుచి యెరిగినవాడు గనుక, ఎదుటివాడు వదలినప్పుడు దానిని అవమానముగా గాక హెచ్చరికగా చదువగలిగెనని నేను తలచెదను.

తక్కినవి అందరెరిగినవే. ఆ దినములలో తిండిగింజల కరువు. సుబ్రహ్మణ్యముగారికి వ్యవసాయశాఖ నిచ్చి కొత్త విత్తనములకు దారితీసిరి. 1965లో ఆహార సంస్థ ఏర్పడినది. సోమవారము సాయంత్రము ఒకపూట భోజనము మానుడని దేశమును కోరి, తమ యింట మొదట మానిపించిరి. సెప్టెంబరులో పాకిస్తానుతో యుద్ధము. నాటి సోమవారపు పస్తులు మన ఊరిలో ముసలివారికి ఇంకను జ్ఞాపకమున్నవి. అప్పటికే వారమునకు రెండుపూటలు పస్తున్నవారు మూడవ పూట ఏమి మానుదుమని నవ్వుకొనిరట. అయినను మానినవారు మానిరి. 1966 జనవరి 10వ తేదీన తాష్కెంటులో అయూబుఖానుతో ఒప్పందము వ్రాసి, ఆ రాత్రి గడువకమునుపే, 11వ తేదీ తొలిజామున, గుండె ఆగి మరణించిరి. ఆ మరణమునుగూర్చి ఎన్నో అనుమానములు ప్రచారములో నున్నవి. వానికి ఈ వ్యాసమున చోటులేదు. ఆ సంవత్సరమే ఆయనకు భారతరత్న బిరుదము నిచ్చిరి.

ప్రధానిగా నుండి ఆయన కొన్న ఫియట్ కారునకు పంజాబు నేషనల్ బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు చేసియుండిరి. ఆయన పోవునప్పటికి ఆ అప్పు తీరలేదు. లలితాదేవిగారు తమకు వచ్చు పింఛనునుండి దానిని తీర్చిరి. 10 రూపాయల జాబు కథలోని ఇల్లాలే ఈమె.

రైలు ప్రమాదము జరిగినప్పుడెల్ల శాస్త్రిగారి పేరు మరల పైకి వచ్చును. 1999లో గైసాల్ వద్ద రెండు బండ్లు ఢీకొనినపుడు నాటి రైల్వే మంత్రి నితీశ్ కుమారుగారు పదవి వదలిరి; అప్పుడును పత్రికలు 1956ను తలచుకొనినవి. మన హైదరాబాదులో ఫతేమైదాను ఆటస్థలమునకు 1967లో ఆయన పేరు పెట్టిరి. నగరమునకు తూర్పున లాల్ బహదూర్ నగరమున్నది. మన ఊరివారు ప్రతిదినము బస్సు దిగి ఎల్. బి. నగర్ అని చెప్పుచున్నారు గాని ఆ రెండు అక్షరములు ఎవరివో సగముమందికి తెలియదు. మన గ్రంథాలయములోని పటము క్రింద కూడ పేరు వ్రాసియుండలేదు. రజతోత్సవపు నాటికి వ్రాయించెదమని కార్యదర్శిగారు మాట యిచ్చియున్నారు.